ఎవరు సుకుమారంగా ఆడితే వారికే ఈ కూజా: పాత గ్రీకుల దృష్టిలో నాట్యపు అందం

ఏథెన్స్‌లో డిపిలాన్ ద్వారం దగ్గరి పాత శ్మశానంలో 1871లో ఒక మట్టి కూజా దొరికింది. క్రీ.పూ. 740 ప్రాంతంలో చేసినది, వైన్ వంచుకోవడానికి వాడే రకం. దాని భుజం మీద ఎవరో మొనదేలిన వస్తువుతో అక్షరాలు గీరారు, కుడి నుంచి ఎడమకు. గ్రీకు లిపిలో మనకు దొరికిన అతి పాత రాతల్లో ఇదొకటి. గ్రీకులు ఫినీషియన్ల దగ్గర అక్షరాలు నేర్చుకుని అప్పటికి ఎంతో కాలం కాలేదు. అలాంటి రోజుల్లో ఒక మనిషి కూర్చుని, కష్టపడి, ఆ కూజా మీద రాసిన మాట ఇది: "ఇప్పుడు ఈ నాట్యం చేసేవాళ్లందరిలో ఎవరు అందరికన్నా సుకుమారంగా ఆడతారో, వారికి ఇది." చివరి అక్షరాలు కొన్ని సరిగా అర్థం కావు. కూజా నాట్యానికి బహుమతి అన్న సంగతి మాత్రం తెలిసిపోతోంది.

ఇందులో రెండు మాటలు పట్టుకుంటే చాలా దూరం వెళ్లొచ్చు. మొదటిది 'అతలోతత'. అతలోస్ అంటే లేత, పసి అని. ఇలియడ్, ఒడిస్సీల కవి హోమర్ ఈ మాటను గుర్రప్పిల్లలకు వాడాడు. అంటే ఆ పోటీలో గెలవాల్సింది అందరికన్నా ఎత్తు ఎగిరినవాడో, అందరికన్నా ఎక్కువసేపు గిరగిరా తిరిగినవాడో కాదు, ఒళ్లు లేతకొమ్మలా వంగినవాడు. రెండోది 'పయిజేయి'. దీని మూలంలో పిల్లవాడు అనే మాట ఉంది, అసలు అర్థం ఆడుకోవడం. నాట్యం చేయడానికీ అదే మాట వాడారు. ఇది తెలుగువాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు, ఎందుకంటే మనకీ ఆట అంటే పిల్లల ఆటా అవుతుంది, కాళ్లకు గజ్జె కట్టి ఆడే ఆటా అవుతుంది. ఇంగ్లీషులో చదివేవాళ్లు ఆగి ఆలోచించాల్సిన చోట మనం ఆగకుండా ముందుకు వెళ్లిపోవచ్చు.

ఇంకో గ్రీకు మాట కూడా తెలుగులో చక్కగా ఒదుగుతుంది. ఖొరెయా. నాట్యం, పాట రెండూ కలిసినది అని తత్వవేత్త ప్లేటో దీన్ని వివరించాడు. మన 'ఆటపాట' సరిగ్గా అదే. వాళ్లకు పాట లేని ఆట, ఆట లేని పాట అనేవి తర్వాత విడగొట్టుకున్న ముక్కలు. మొదట ఉన్నది ఆటపాటే. ఆ ఆటపాట చేసే గుంపును ఖొరోస్ అన్నారు, ఆడే నేలనూ అదే మాటతో పిలిచారు. నాటకశాలలో గుంపు ఆడే గుండ్రటి చోటు ఓర్ఖెస్త్రా. ఇప్పుడు పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రా అన్నా, పాటలో కోరస్ అన్నా ఆ మాటలు అక్కడి నుంచి వచ్చినవే. దారిలో నాట్యం జారిపోయి సంగీతం ఒక్కటే మిగిలింది.

ప్లేటో 'చట్టాలు' అనే తన చివరి రచనలో దీని గురించి చెప్పిన తీరు చాలా బాగుంటుంది. ఏ ప్రాణి పిల్ల అయినా ఒక్కచోట కుదురుగా ఉండలేదు, గెంతుతుంది, అరుస్తుంది. అయితే ఆ గెంతడంలో క్రమం ఉందా లేదా అని పసిగట్టే శక్తి మిగతా ప్రాణులకు లేదు, మనిషికి ఉంది, అది దేవుళ్లు ఇచ్చారు అంటాడు. అపోలో, మ్యూజ్ దేవతలు, డయొనైసస్ మనతో కలిసి ఆడే తోటివాళ్లట. మన చేతుల్ని ఒకరి చేతికి ఒకరిది అందించి లాక్కెళ్తారట. ఖొరోస్ అనే మాట సంతోషం అనే అర్థం ఉన్న 'ఖరా' నుంచి వచ్చిందని కూడా అక్కడే అంటాడు, అది మాటల పోలికతో ఆడుకోవడమే అనుకోండి. కానీ ఆ వెంటనే చెప్పే మాట మాత్రం బరువైనది: చదువు లేనివాడంటే ఖొరోస్‌లో ఆడనివాడు, చదువుకున్నవాడంటే బాగా ఆడినవాడు. అక్షరాలూ లెక్కలూ తర్వాత.

ఇది తత్వవేత్త ఊహ మాత్రమే అనుకుంటే పొరపాటు. ఏథెన్స్‌లో ప్రతి వసంతంలో డయొనైసస్ ఉత్సవం జరిగేది. పది తెగల నుంచి, తెగకు 50 మంది మగవాళ్లు, 50 మంది పిల్లలు వచ్చి గుండ్రంగా తిరుగుతూ డిథిరాంబ్ అనే ఆటపాట చేసేవాళ్లు. అంటే ఆ ఒక్క పోటీకే 1000 మంది. విషాద నాటకాల్లో ఖొరోస్‌కు మొదట 12 మంది, తర్వాత 15 మంది, హాస్య నాటకాల్లో 24 మంది. వీళ్లెవరూ నాట్యం మీద బతికేవాళ్లు కారు, మామూలు పౌరులు. నెలల తరబడి సాధన చేయించే ఖర్చు ఊళ్లో డబ్బున్నవాడు భరించాలి. క్రీ.పూ. 5వ శతాబ్దం చివర్లో ఒకాయన కోర్టులో తన ఖర్చుల లెక్క చెప్పుకున్నాడు: విషాద నాటకపు ఖొరోస్‌కు 3000 ద్రాఖ్మాలు, ఒక పండగలో మగవాళ్ల ఖొరోస్‌కు 2000, యుద్ధనాట్యం చేసేవాళ్లకు 800, ఇంకో మగవాళ్ల ఖొరోస్‌కు గెలుపు గుర్తుగా పెట్టిన ముక్కాలి పీఠంతో కలిపి 5000. అప్పట్లో చేయి తిరిగిన పనివాడి రోజు కూలి సుమారు ఒక ద్రాఖ్మా. లెక్క వేసి చూస్తే గుండె ఆగుతుంది. అలాంటి గెలుపు గుర్తు ఒకటి, లైసిక్రటీస్ అనే ఆయన క్రీ.పూ. 335-334లో పిల్లల ఖొరోస్ గెలిచినందుకు కట్టించినది, ఏథెన్స్‌లో ఇప్పటికీ నిలబడే ఉంది.

గ్రీకుల నాట్య సౌందర్యం అర్థం కావాలంటే ఈ లెక్కలు ముందు తెలియాలి. గట్టు మీద కూర్చుని చూసేవాళ్లలో చాలామంది ఒకప్పుడు కింద ఆడినవాళ్లే, లేదా కొడుకు ఆడుతుంటే చూడ్డానికి వచ్చినవాళ్లే. కాబట్టి వాళ్లకు అందం అంటే ఎవరో ఒక అద్భుతమైన కళాకారుడు చేసి చూపించే వింత అవ్వదు. 50 మంది ఒకే అడుగు వేస్తే, అందులో ఒకడి కాలు తడబడినా కనిపెట్టగల కళ్లు అవి. కలిసి ఆడటంలో ఒకడు తనను తాను ఎంత అదుపులో పెట్టుకోవాలో వాళ్ల ఒంటికి తెలుసు. చాలా మార్పులు వచ్చినా, కూజా కాలం నుంచి రోమన్ల కాలం దాకా దాదాపు తొమ్మిది వందల ఏళ్లలో మళ్లీ మళ్లీ ఎదురయ్యే ఆదర్శం ఇదే: ఎంత కదిలినా పట్టు తప్పని శరీరం.

హోమర్ దగ్గరికి వెళ్తే ఇది బొమ్మ కట్టినట్టు కనిపిస్తుంది. ఇలియడ్ 18వ భాగంలో అకిలీజ్ అనే వీరుడి డాలు మీద దేవశిల్పి చెక్కిన దృశ్యాల్లో చివరివాటిలో ఒకటి నాట్యం. క్రీట్ దీవిలోని నోసస్‌లో డెడలస్ అనే శిల్పి రాకుమారి అరియాడ్నీ కోసం కట్టిన నాట్యస్థలం లాంటి చోట, పడుచువాళ్లు ఒకరి మణికట్టు ఒకరు పట్టుకుని ఆడుతుంటారు. అమ్మాయిలు పల్చటి నారబట్టల్లో, తలకు పూలదండలతో. అబ్బాయిల అంగీలు నూనెతో మెరుస్తుంటాయి, వెండి పటకాలకు బంగారు కత్తులు వేలాడుతుంటాయి. వాళ్లు గుండ్రంగా పరుగెత్తే తీరుకు హోమర్ ఇచ్చిన ఉపమానం కుమ్మరి సారె. కుమ్మరి సారె ముందు కూర్చుని, బాగా తిరుగుతుందా లేదా అని ఒకసారి చేత్తో తిప్పి చూస్తాడే, అంత తేలిగ్గా అంటాడు. సారె ఎంత జోరుగా తిరిగినా దాని ఇరుసు కదలదు. వంకర పోతే కుండ పోతుంది. తర్వాత వాళ్లే వరసలు కట్టి ఒకరికెదురు ఒకరు వస్తారు. మధ్యలో ఇద్దరు మొగ్గలు వేసేవాళ్లున్నా హోమర్ వాళ్లను ఒక్క మాటతో దాటేస్తాడు. కళ్లు నిలిపింది గుంపు మీదే.

ఒడిస్సీ 8వ భాగంలో ఇంకో నాట్యం ఉంది. ఇల్లు చేరే దారిలో ఒడిస్సియస్‌కు ఆతిథ్యమిచ్చిన ఫియేషియన్లు ముందు నేల చదును చేస్తారు. మీసాలు వచ్చీరాని కుర్రాళ్లు అంధ గాయకుడి చుట్టూ చేరి అడుగులు వేస్తుంటే ఒడిస్సియస్ వాళ్ల పాదాల 'మిలమిల' చూసి నివ్వెరపోతాడు. హోమర్ వాడిన మర్మరుగాయి అనే మాటకు వెలుగు తళతళలాడటం అని అర్థం, తెలుగులో మిలమిల అంటే దగ్గరగా ఉంటుంది. కాలు నేలను తాకి లేచే వేగం వెలుగులా కనిపించింది. ఒంటికి నూనె, బట్టకు నూనె, పాదానికి మెరుపు. గ్రీకుల అందంలో ఈ మెరుపు ఎప్పుడూ ఉంది, తెల్లటి విగ్రహాలు చూసి మనం దాన్ని మర్చిపోతుంటాం.

అసలైన కీలకం మాత్రం 'స్కీమా' అనే మాటలో ఉంది. మనం రోజూ అనే ప్రభుత్వ స్కీమ్, బ్యాంకు స్కీమ్ అనే మాటకు ఇదే తాతమ్మ. నాట్యంలో స్కీమా అంటే శరీరం ఒక క్షణం నిలబడే భంగిమ. క్రీ.శ. 100 ప్రాంతంలో ప్లూటార్క్ అనే గ్రీకు రచయిత ఒక విందు సంభాషణలో నాట్యాన్ని మూడుగా విడదీసి చూపించాడు. ఫొరా అంటే కదలిక. స్కీమా అంటే ఆ కదలిక వచ్చి ఆగే భంగిమ, అపోలో లాగానో మేకకాళ్ల దేవుడు పాన్ లాగానో ఒంటిని మలిచి బొమ్మలో ఉన్నట్టు కాసేపు అలాగే ఉండిపోవడం. దెయిక్సిస్ అంటే చూపడం, ఆకాశాన్నో నేలనో ఎదుటి మనిషినో సూటిగా చూపించడం. పాటలో స్వరాలు, వాటి మధ్య ఎడం ఎలాగో నాట్యంలో భంగిమలు, వాటి మధ్య కదలికలు అలాగ అంటాడు. నాట్యం మౌనంగా ఉన్న కవిత్వం, కవిత్వం మాట్లాడే నాట్యం అనే మాటా అక్కడే వస్తుంది. అంతకు ముందు కవి సిమోనిడీస్ చిత్రకళ గురించి అన్న మాటను తీసుకొచ్చి నాట్యానికి తొడిగారన్నమాట.

ఆగడానికి ఇంత విలువ ఎందుకు ఇచ్చారు? ఆగిన క్షణంలో శరీరం దాచుకోవడానికేమీ ఉండదు. జోరుగా తిరుగుతున్నప్పుడు తప్పులు కప్పేసుకోవచ్చు, నిలబడ్డప్పుడు తూకం ఉందో లేదో తేలిపోతుంది. ఈ ఊహ భాషలోకి ఎంతగా ఇంకిందో చూడండి. మంచి స్కీమా ఉన్నవాడు అనే అర్థం ఉన్న 'ఎవుస్కేమోన్' అనే మాట క్రమంగా మర్యాదస్తుడు, పద్ధతి గలవాడు అని అర్థం తెచ్చుకుంది. స్కీమా లేనిది అనే మాట ఇప్పటి గ్రీకులో 'ఆస్కిమోస్'. అర్థం వికారమైనది. భంగిమ తప్పితే అందం తప్పింది, అందం తప్పితే మర్యాద తప్పింది. ఇది వాళ్లు పుస్తకంలో చదివి నేర్చుకున్న సిద్ధాంతం కాదు, మాట్లాడే భాషలోనే ఉంది.

పాత్రల మీద బొమ్మల్లో మనకు దొరికేదీ స్కీమాయే. క్రీ.పూ. 570 ప్రాంతంలో క్లెయితియాస్ బొమ్మలు వేసిన, ఇప్పుడు ఫ్లోరెన్స్‌లో ఉన్న ఫ్రాన్స్వా కలశం మీద థీసియస్ అనే వీరుడితో వచ్చిన కుర్రాళ్లూ అమ్మాయిలూ ఒకరి పక్కన ఒకరు చేతులు పట్టుకుని వరసగా నడుస్తుంటారు. ఆ చేతుల గొలుసు చూస్తే హోమర్ పంక్తులు గుర్తొస్తాయి. కానీ ఒక అడుగుకీ ఇంకో అడుగుకీ మధ్య ఏం జరిగిందో ఏ కుండా చెప్పదు. అమెరికా నర్తకి ఇసడోరా డంకన్ ఇలాంటి బొమ్మల్లోని భంగిమలను తన ఒంటి మీదికి తెచ్చుకుని కొత్త నాట్యం పుట్టించింది. అది గొప్ప నాట్యమే, అందులో అనుమానం లేదు. కాకపోతే అది ఒంటరి మనిషి, జుట్టు విరబోసుకుని, మనసు చెప్పినట్టు ఆడే నాట్యం. మణికట్టు పట్టుకున్న 50 మంది నాట్యం ఇంకొకటి. డంకన్ వల్ల చాలామందికి గ్రీకు నాట్యం అంటే స్వేచ్ఛగా ఎగిరే పల్చటి బట్టలు అనే భావన స్థిరపడిపోయింది, దాన్ని కొంచెం పక్కన పెట్టాలి.

స్వేచ్ఛగా ఆడితే ఏమవుతుందో చరిత్రకారుడు హెరొడోటస్ ఒక కథలో చెప్పాడు. క్రీ.పూ. 6వ శతాబ్దంలో సిక్యోన్ పాలకుడు క్లెయిస్తెనీస్ తన కూతురు అగరిస్తెకు మొగుణ్ణి వెతకడానికి గ్రీకు ఊళ్లన్నిటి నుంచీ పెళ్లికొడుకుల్ని పిలిచి ఏడాదిపాటు ఇంట్లో పెట్టుకుని పరీక్షించాడు. ధైర్యం, కోపతాపాలు, చదువు, నడవడిక, అన్నిటికన్నా ముఖ్యంగా పంక్తిలో కూర్చున్నప్పుడు ఎలా ఉంటారు అని. అందరిలోకీ ఏథెన్స్‌కు చెందిన హిప్పోక్లీడెస్ నచ్చాడు. తేల్చి చెప్పే రోజు వచ్చింది, 100 ఎద్దుల్ని బలిచ్చి విందు పెట్టారు. భోజనాలయ్యాక సంగీతంలో, మాటల్లో పోటీ. అప్పటికే ముందంజలో ఉన్న హిప్పోక్లీడెస్, సన్నాయి లాంటి జంట వాద్యం ఆలోస్ ఊదేవాడితో ఒక నాట్యగతి వాయించమని చెప్పి ఆడటం మొదలుపెట్టాడు. తన ఆట తనకే తెగ నచ్చింది అంటాడు హెరొడోటస్. మామగారికి మాత్రం అప్పుడే ఎక్కడో కలుక్కుమంది. కాసేపటికి కుర్రాడు బల్ల తెమ్మన్నాడు. బల్ల ఎక్కి ముందు స్పార్టా పద్ధతి భంగిమలు, తర్వాత ఏథెన్స్ భంగిమలు, మూడోసారి తల బల్లకు ఆనించి కాళ్లు పైకెత్తి, చేతులతో చేయాల్సిన అభినయం కాళ్లతో చేశాడు. అంతవరకు ఓర్చుకున్న క్లెయిస్తెనీస్ ఇక ఆగలేక, "తిసాండర్ కొడకా, ఆడి ఆడి పెళ్లి పోగొట్టుకున్నావు" అన్నాడు. "హిప్పోక్లీడెస్‌కు చింత లేదు" అని జవాబొచ్చింది, ఆ జవాబు సామెత అయిపోయింది. పిల్లను మెగక్లీస్‌కు ఇచ్చారు. వాళ్ల కొడుకే, తాత పేరు పెట్టుకుని ఏథెన్స్ ప్రజాస్వామ్యానికి పునాది వేసిన రెండో క్లెయిస్తెనీస్, ఆ వంశంలోవాడే ఏథెన్స్ నాయకుడు పెరిక్లీస్.

ఈ కథలో నైపుణ్యం తక్కువైందన్న మాట ఎక్కడా లేదు. తలకిందులుగా నిలబడి కాళ్లతో ముద్రలు పట్టడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. తప్పు వేరేచోట ఉంది. కాళ్లు నేల మీద, తల పైన, చేతులు మాట్లాడాలి అనే వరస తలకిందులైంది. పైగా గుంపు కోసం, దేవుడి కోసం కాకుండా తన సంబరం కోసం ఆడాడు. అల్లుడి ఒళ్లు ఇలా పట్టు తప్పితే ఇల్లు ఎలా నడుపుతాడు అనేది మామ భయం. ఈ లెక్క మనకు కఠినంగా అనిపించొచ్చు, కానీ గ్రీకులు దీన్ని వింతగా చూడలేదు. ఆత్మ కదిలితేనే పాటా నాట్యం పుడతాయి, మంచి ఆత్మ నుంచి మంచివి, చెడ్డదాని నుంచి చెడ్డవి అని సంగీత సిద్ధాంతకారుడు డామన్ శిష్యులు చెప్పేవారు. నాట్యగాళ్లు ఒక్క లయతోనే, భంగిమల్లో మలిచిన లయతో, స్వభావాన్నీ ఉద్వేగాన్నీ పనినీ చూపించగలరు అని అరిస్టాటిల్ రాశాడు. ఆ వరసలో స్వభావం ముందుంది.

ప్లేటో దీన్ని చివరి దాకా లాగాడు. 'చట్టాలు' 7వ భాగంలో గంభీరమైన నాట్యాలు రెండు రకాలు అంటాడు. ఒకటి పిర్రిఖే, యుద్ధనాట్యం. డాలు పట్టుకుని దెబ్బ తప్పించుకోవడానికి పక్కకు తొలగడం, వెనక్కి జరగడం, ఎగరడం, వంగడం, మళ్లీ బాణమో ఈటెయో విసిరినట్టు చేయడం. అందులో శరీరం నిటారుగా, కాళ్లూ చేతులూ సూటిగా ఉండాలి. రెండోది ఎమ్మెలెయా, శాంతికాలపు నాట్యం. ఆ పేరుకే శ్రుతి కలిసినది అని అర్థం. ఇక్కడ ఆయన చేసిన ఒక పరిశీలన చాలా సూక్ష్మమైనది: సంతోషం పెద్దదైతే కదలికలు పెద్దవవుతాయి, అది సహజం. అయితే ధైర్యానికి అలవాటుపడ్డవాడి కదలికలు చిన్నవిగా ఉంటాయి, పిరికివాడి కదలికలు అతిగా, గజిబిజిగా మారిపోతుంటాయి. స్టేజీ మీద కాకపోయినా, ఏదైనా గొడవ జరిగే చోట మనుషుల్ని గమనిస్తే ఇది నిజమేననిపిస్తుంది.

ఆ తర్వాత ప్లేటో చెప్పేది మాత్రం ఒప్పుకోలేం. వికారమైన శరీరాల్ని, నవ్వుపుట్టించే కదలికల్ని అనుకరించే నాట్యాలు తెలుసుకోవడానికి ఉండాలి, కానీ వాటిని బానిసలకూ డబ్బిచ్చి తెచ్చిన పరదేశీయులకూ వదిలేయాలి, పౌరులు ముట్టుకోకూడదు అంటాడు. అందమైన భంగిమ స్వేచ్ఛ ఉన్నవాడిది, వంకర భంగిమ బానిసది అన్నమాట. గ్రీకు ఆదర్శంలో ఉన్న చీకటి కోణం ఇదే, దీన్ని కప్పిపుచ్చి అందం గురించి మాట్లాడటం న్యాయం కాదు. అయితే ఏథెన్స్ జనం ప్లేటో మాట వినలేదు. హాస్య నాటకాల్లో నడుము తిప్పే కోర్డాక్స్, సగం మనిషి, సగం జంతువు అయిన సటీర్ల నాటకాల్లో గెంతే సికిన్నిస్ అదే పండగలో, అదే దేవుడి ముందు, అదే పౌరులు ఆడారు. కోర్డాక్స్ పేరు చెడ్డదే. సిగ్గులేనివాడి లక్షణాలు రాస్తూ అరిస్టాటిల్ శిష్యుడు థియోఫ్రాస్టస్ అలాంటివాడు తాగకుండానే కోర్డాక్స్ ఆడతాడు అన్నాడు. అంటే తాగితే ఎవరైనా ఆడతారనే కదా! డయొనైసస్ వెంట తల వెనక్కి విరిచి, జుట్టు ఎగరేసి ఆడే స్త్రీల బొమ్మలు పాత్రల మీద లెక్కలేనన్ని. ఆ పూనకపు నాట్యాలను ఎక్కడ పెట్టాలో తెలియక ప్లేటో, ఇవి యుద్ధానివీ కావు శాంతివీ కావు, పౌరుల పని కాదు అని పక్కన పెట్టేశాడు. పట్టు తప్పని శరీరం ఆదర్శం కావడానికి, పట్టు తప్పితే ఏమవుతుందో వాళ్లకు బాగా తెలిసి ఉండటమే కారణమేమో.

స్పార్టాలో ఇదే ఆదర్శం ఇంకా బిగిసింది. అక్కడి పండగల్లో మూడు ఖొరోస్‌లు ఉండేవని ప్లూటార్క్ రాశాడు. ముసలివాళ్లు "ఒకప్పుడు మేం బలమైన కుర్రాళ్లం" అని పాడితే, నడివయసువాళ్లు "ఇప్పుడు మేమున్నాం, కావాలంటే చూడు" అని, పిల్లలు "మేం మీ అందరికన్నా మించిపోతాం" అని పాడేవాళ్లు. అమ్మాయిల నాట్యం సంగతి క్రీ.పూ. 7వ శతాబ్దపు కవి ఆల్క్‌మన్ పాట వల్ల తెలుస్తుంది. 1855లో ఈజిప్టులో సక్కారా దగ్గర దొరికిన పపైరస్ ముక్క మీద అది మిగిలింది. అందులో అమ్మాయిలు తమ నాయకురాలు హగెసిఖొరాను పొగుడుతూ, మేసే మందలో బలమైన గుర్రాన్ని, డెక్కల చప్పుడుతో పందెం గెలిచే గుర్రాన్ని నిలబెట్టినట్టు ఉంటుంది అని పాడతారు. మన దగ్గర అమ్మాయి నాట్యానికి నెమలినో హంసనో పోల్చడం అలవాటు, గుర్రం పోలిక వినగానే కొత్తగా ఉంటుంది. బలం ఉన్నచోటే అందం అని వాళ్లు నిస్సంకోచంగా అన్నారు. మడమలు పిరుదులకు తగిలేలా ఎగిరే 'బిబాసిస్' అనే నాట్యంలో స్పార్టా అమ్మాయి ఒకతె 1000 సార్లు ఎగిరిందని ఒక పాత పద్యం గర్వంగా చెప్పుకుంది.

క్రీ.పూ. 371లో ల్యూక్ట్రా దగ్గర స్పార్టా సైన్యం చిత్తుగా ఓడిపోయింది. ఆ కబురు ఊరికి చేరింది సరిగ్గా జిమ్నోపయిదియాయి పండగ చివరి రోజున, మగవాళ్ల ఖొరోస్ లోపల ఆడుతున్నప్పుడు. అధికారులకు కడుపులో దేవినట్టయింది. అయినా ఆట ఆపలేదు, చివరి దాకా సాగనిచ్చారు. చనిపోయినవాళ్ల పేర్లు ఇళ్లకు చెప్పి పంపి, ఆడవాళ్లను ఏడవకండి, మౌనంగా భరించండి అన్నారు. చరిత్రకారుడు జెనొఫోన్ ఇది రాస్తాడు, ఒక్క వ్యాఖ్య కూడా చేయడు. చదివినప్పుడల్లా గౌరవమూ వణుకూ రెండూ కలుగుతాయి.

అదే జెనొఫోన్ రాసిన విందు సంభాషణలో సోక్రటీస్ నాట్యం నేర్చుకుంటానంటాడు, అందరూ నవ్వుతారు. సిరక్యూస్ నుంచి వచ్చిన ఒకాయన బృందంలో అమ్మాయి 12 వలయాలు గాల్లోకి విసిరి పడుతూ ఆడుతుంది, కుర్రాడొకడు నాట్యం చేస్తాడు. సోక్రటీస్ గమనించినదేమిటంటే, నాట్యంలో మెడ, కాళ్లు, చేతులు అన్నీ ఒకేసారి పనిచేస్తున్నాయి, ఒంట్లో ఏ భాగమూ ఖాళీగా లేదు. దూరం పరుగెత్తేవాళ్లకు కాళ్లు బలిసి భుజాలు సన్నబడతాయి, ముష్టియోధులకు భుజాలు బలిసి కాళ్లు సన్నబడతాయి, నాకు ఒళ్లంతా సమంగా కావాలి అంటాడు. నిజమే, ఓ రోజు పొద్దున్నే వెళ్తే ఒంటరిగా నాట్యం చేస్తూ దొరికాడు అని విందులో ఉన్న ఖార్మిడీస్ సాక్ష్యం చెబుతాడు.

రోమన్ల కాలానికి వచ్చేసరికి పౌరుల ఖొరోస్ కన్నా ఒంటరి నర్తకుడు పెద్దవాడయ్యాడు. పాంటోమైమ్ అనే ఆ కళలో నోరు మూసి ఉన్న ముసుగు తొడుక్కుని ఒక్కడే కథలోని పాత్రలన్నీ ఆడతాడు, పాట వేరేవాళ్లు పాడతారు. క్రీ.శ. 2వ శతాబ్దంలో లూసియన్ అనే వ్యంగ్య రచయిత దీని మీద ఒక సంభాషణ రాశాడు. నీరో కాలంలో డెమెట్రియస్ అనే తత్వవేత్త నాట్యాన్ని తిట్టిపోశాడట, అంతా సంగీతం, పట్టుబట్టల గొప్పే అని. నర్తకుడు వాద్యాలు ఆపించి, పాట లేకుండా యుద్ధదేవుడు ఆరీస్, ప్రేమదేవత అఫ్రొడైటీల కథ ఆడి చూపించాడు. డెమెట్రియస్ గట్టిగా అరిచేశాడు, "నువ్వు చేసేది చూడటమే కాదు, వింటున్నాను, నీ చేతులు మాట్లాడుతున్నాయి" అని.

కళ మారినా కొలబద్ద మారలేదు. నర్తకుడి ఒళ్లు శిల్పి పాలిక్లీటస్ పెట్టిన కొలతకు సరిపోవాలి, మరీ పొడుగూ పొట్టీ, మరీ లావూ సన్నం పనికిరావు అంటాడు లూసియన్. ఆంటియోక్ ప్రేక్షకులైతే వదిలిపెట్టేవాళ్లు కారు. పొట్టివాడు మహావీరుడు హెక్టర్ వేషం కడితే "బాబూ, నువ్వు కొడుకువి, మీ నాన్న హెక్టర్ ఎక్కడ?" అని అందరూ అరిచారు. బాగా పొడుగువాడు థీబ్స్ కోట గోడ ఎక్కే కపనేయస్‌గా వస్తే "అలాగే దాటెయ్, నిచ్చెనెందుకు" అన్నారు. లావుపాటివాడు ఎగరబోతే వేదిక మీద కాస్త దయ చూపమన్నారు. బక్కపల్చటివాణ్ణి చూసి త్వరగా కోలుకోమన్నారు.

లూసియన్ చివర్లో చెప్పిన ఒక సంగతి ఉంది. చనిపోయిన అకిలీజ్ ఆయుధాలు తనకు కాక ఒడిస్సియస్‌కు దక్కాయని అజాక్స్ అనే వీరుడికి పిచ్చెక్కే ఘట్టం ఉంది, పేరున్న నర్తకుడొకడు అది ఆడుతూ హద్దు దాటిపోయాడు. ఇనుప అడుగుల చెప్పుతో తాళం వేసేవాడి బట్టలు చింపేశాడు. ఆలోస్ వాయించేవాడి చేతిలోంచి దాన్ని లాక్కుని, పక్కన గెలిచిన గర్వంతో నిలబడ్డ ఒడిస్సియస్ వేషధారి తల పగలగొట్టాడు. అంతటితో ఆగకుండా జనంలోకి దిగి ఇద్దరు పెద్ద అధికారుల మధ్య కూర్చున్నాడు. పామరులు గెంతుతూ కేకలు పెట్టారు, తెలిసినవాళ్లు లోపల సిగ్గుపడినా తామూ మెచ్చుకుని దాన్ని కప్పిపుచ్చారు. తేరుకున్నాక వాడు ఎంత కుమిలిపోయాడంటే మంచం పట్టాడు. అభిమానులు అజాక్స్ మళ్లీ ఆడమని అడిగితే ఇంకొకణ్ణి చూపించి, "నాకు ఒక్కసారి పిచ్చెక్కింది చాలు" అన్నాడు. వాణ్ణి అన్నిటికన్నా బాధపెట్టింది మాత్రం పోటీ నర్తకుడు. ఆ రెండోవాడు అదే అజాక్స్ పాత్రలో, అదే పిచ్చిని, ఎక్కడా నాట్యం హద్దు దాటకుండా ఆడి మెప్పు పొందాడు.